మూడోసారి రాస్తున్న ఫిర్యాదు: మీలో పెద్దెవరో ముందు తేల్చుకోండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి (అలాంటివారు ఒకరున్నారన్న నమ్మకంతో),

విషయం: మీరు నాలుగుసార్లు "పరిష్కరించాం" అని మూసేసిన ఫిర్యాదు

అయ్యా,

మా ఇంట్లో రెండు మగ గినీ పిగ్‌లున్నాయి (ఎలుక జాతి బుజ్జి పెంపుడు ప్రాణులు), బజ్జీ, పునుగు. "జంటకు సరిపోయే బోను" అని మీరు రాస్తే నమ్మి కొన్నాను. అందులో దాక్కునే గూడు ఒక్కటే, దానికి వాకిలీ ఒక్కటే. బోను గురించి ఇంతకంటే చెప్పను. దాని మీద కోపం మొదటి వారంలోనే తీరిపోయింది. మిగిలిందంతా మీ మీదే.

తెలుగుకు 4 నొక్కమంటే నొక్కాను. ఇరవై నిమిషాలు మీ పాట విన్నాక హిందీ అమ్మాయి వచ్చింది. గినీ పిగ్ అనగానే, మేం పంది మాంసం అమ్మం మేడమ్ అని పెట్టేసింది.

రెండోసారి దొరికిన అబ్బాయి తెలుగువాడే. ప్రాణం లేచొచ్చి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. పునుగుగాడికి నాలుగో నెల, వయసు పోటు మీదున్నాడు. గుర్రుమంటూ నడుము ఊపుకుంటూ బజ్జీ చుట్టూ తిరుగుతాడు. వెనక భాగం నేలకు రాసి తన వాసన అంటిస్తాడు. అది పెద్దరికం తేల్చుకోవడం, మనం మధ్యలో దూరకూడదు. పళ్లు టకటకలాడిస్తే మాత్రం హెచ్చరిక. అప్పుడు కూడా రెండోవాడు తప్పుకోవడానికి దారి ఉంటే గొడవ అక్కడితో ఆగిపోతుంది. మీ గూటికి ఆ దారి లేదు. పునుగు గుమ్మంలో కూర్చుంటే బజ్జీ లోపల ఇరుక్కుపోతాడు. ఇరుక్కున్నవాడు కరవక ఏం చేస్తాడు? పునుగు మూతి మీద రక్తం వచ్చింది. రక్తం చూశాక విడదీయక తప్పదు.

ఇంతా విని ఆ అబ్బాయి, "అది జంతువుల సమస్య మేడమ్, ప్రొడక్ట్ సమస్య కాదు" అని మీ పెట్ ఎక్స్‌పర్ట్‌కి కలిపాడు. ఆ మహానుభావుడి సలహా: "ఒక ఆడదాన్ని తెచ్చి పెట్టండి, శాంతిస్తాయి." ఆడదాని వాసన తగిలితే కలిసున్న మగవి కూడా కొట్టుకుంటాయి బాబూ! పైగా రెండు నెలలు దాటేసరికి పిల్లలు. వాటిని మీ ఆఫీసుకు కొరియర్ చేయమంటారా?

తర్వాత ఫోటోలు అడిగారు. పదకొండు పంపాను. సరిగా కనబడటం లేదన్నారు. మళ్లీ పంపేసరికి, వాపసు గడువు ఏడు రోజులే, దాటిపోయిందన్నారు. దాటించింది ఎవరు?

చివరికి ఎవరో కనికరించి పికప్ మంగళవారం అన్నారు. ఆ మంగళవారం మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. విజయనగరంలో కాలు పెట్టే సందు ఉండదు. ఆ మాటే చెబితే, "మా సిస్టమ్‌లో పండగ లేదు మేడమ్" అన్నారు. ఇంట్లో అందరూ సిరిమాను చూడ్డానికి వెళితే, నేను మీ కుర్రాడి కోసం పునుగులాగా గుమ్మంలో కూర్చున్నాను. సాయంత్రం మెసేజ్ వచ్చింది: "కస్టమర్ ఇంట్లో లేరు." దాని కిందే, మా సేవకు 5 స్టార్లు ఇవ్వండి అని.

మూడేళ్లుగా గడ్డి మీ దగ్గరే కొంటున్నాను. మా చుట్టుపక్కల ఊళ్లనిండా గడ్డివాములే. కానీ గినీ పిగ్‌లకు పెట్టే తిమోతీ గడ్డి ఇక్కడ దొరకదు. "ఏటే, గడ్డి కూడా కొరియర్లోన వస్తాదా?" అని మా అత్తగారు నవ్వినా మిమ్మల్ని వెనకేసుకొచ్చాను. బజ్జీ పాత జోడీ పోయినప్పుడు, వాడు ఒంటరిగా బెంగపడతాడని పునుగును తెచ్చాం. స్విట్జర్లాండ్‌లోనైతే గినీ పిగ్‌ను ఒంటరిగా ఉంచకూడదని 2008 నుంచి చట్టమే ఉంది. కస్టమర్‌ను ఒంటరిగా వదిలేయకూడదని కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, మీరు చదివి ఉండరు.

ప్రస్తుతం గంటస్తంభం దగ్గర జాలీ కొని మధ్యలో అడ్డం పెట్టాం. ఒకరినొకరు చూసుకుంటున్నారు, వాసన చూసుకుంటున్నారు. మీ బోను వచ్చిన అట్టపెట్టెకు రెండు వాకిళ్లు కోసి గూడు చేశాను. మీ గూడు కంటే నయంగా ఉంది. మళ్లీ కలపాలంటే ఇద్దరిదీ కాని చోట, హాల్లో కొత్త దుప్పటి పరిచి మొదలుపెట్టాలి. మీరూ అలాంటి గది ఒకటి చూసుకోండి. మీ రిటర్న్స్‌వాళ్లు డెలివరీవాళ్ల వైపు రారు, డెలివరీవాళ్లు ఎక్స్‌పర్ట్‌ను చూపిస్తారు, ఎవరి హద్దులో వాళ్లు గుర్రుమంటారు. మావాళ్లిద్దరూ తేల్చుకునేలా ఉన్నారు గానీ మీ దగ్గర పెద్ద ఎవరో ఇంకా తేలలేదు.

డబ్బు వాపసిస్తారో, రెండు వాకిళ్ల గూళ్లు రెండు పంపుతారో మీ ఇష్టం. అది కాదు నాక్కావలసింది. పేరు చెప్పుకునే మనిషి ఒకరు ఫోన్ చేసి, తెలుగులో, తప్పు మాదే అనాలి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు ఫీజు కూడా లేదు. సిరిమాను రోజు పోగొట్టుకున్నదానికి ఎంత వేయాలో వకీలును అడుగుతున్నాను.

ఫోన్ మధ్యాహ్నం రెండు దాటాక చేయండి. హిందీలో వస్తే మా అత్తగారికి ఇచ్చేస్తాను. గడ్డి ధర గురించి ఆవిడ మిమ్మల్ని అడగాల్సింది చాలా ఉంది.

ఇట్లు,
మీ రికార్డుల్లో "ఇంట్లో లేని" కస్టమర్,
విజయనగరం