మా పార్కింగ్‌లో మా మీటరు నుంచి ఒక ప్లగ్ పాయింట్: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు ఉప ముఖ్యమంత్రి, ఇంధన శాఖ మంత్రి శ్రీ మల్లు భట్టి విక్రమార్క గారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఎలక్ట్రిక్ కారు కొనుక్కుంటే, తమ పార్కింగ్ స్థలంలో, తమ మీటరు నుంచి, తమ సొంత ఖర్చుతో చార్జింగ్ పాయింట్ పెట్టుకునే హక్కు వాళ్లకు ఉందని చెబుతూ ప్రభుత్వం తరఫున ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. ఈ లేఖలో నేను అడిగేది ముఖ్యంగా ఇదొక్కటే. అది లేక జనం ఎక్కడ ఇరుక్కుంటున్నారో కొంచెం వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవమని మనవి.

కారు కొనే దగ్గర మన రాష్ట్రం చేసింది తక్కువేం కాదు. 2020 అక్టోబర్‌లోనే ఎలక్ట్రిక్ వాహనాల విధానం తెచ్చారు. 2024 నవంబర్‌లో జీవో 41 ఇచ్చి, 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశారు. పదిహేను లక్షల కారు మీద దాంతో రెండు లక్షలకు పైగా మిగులుతుంది. మధ్య తరగతి వాళ్లకు అది చిన్న మొత్తం కాదు. మా ఇంట్లో పెట్రోల్ కారు అమ్మేసి ఎలక్ట్రిక్ కారు తీసుకోవడానికి ధైర్యం వచ్చింది కూడా ఆ మాఫీ వల్లే. అందుకు ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

అయితే కారు ఇంటికి వచ్చాక మొదలయ్యే కథ వేరు. ఈ బండికి పెట్రోల్ బంకు అంటే ఇల్లే. రాత్రి పడుకునే ముందు ప్లగ్ పెట్టి పొద్దున్నే తీసేయగలిగితే ఇంతకన్నా సుఖమైన బండి లేదు. ఆ ప్లగ్ దొరకకపోతే ఇంతకన్నా తలనొప్పీ లేదు. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్, నల్లగండ్ల, ఉప్పల్, ఎల్బీ నగర్, ఎటు చూసినా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లే కదా. ఫ్లాటు పైన ఎక్కడో ఉంటుంది, కారు కింద ఉంటుంది. మీటర్లన్నీ మెట్ల పక్కన ప్యానల్ బోర్డులో ఉంటాయి. ఆ బోర్డు నుంచి మన కారు దాకా వైరు లాగాలంటే గోడ అందరిదీ, స్లాబు అందరిదీ. అందువల్ల అసోసియేషన్ 'సరే' అనాలి. అనకపోతే అడగడానికి ఇంకో చోటు లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో జరిగిందే చెబుతాను. మేము దరఖాస్తు ఇచ్చినప్పుడు అసోసియేషన్ పెద్దాయన మా నాన్నగారితో మర్యాదగానే అన్నారు: "చూడండీ, మీ మీద నాకేం కోపం లేదు. కానీ కింద సెల్లార్‌లో బ్యాటరీ అంటుకుంటే పైన ఉన్న పిల్లా జెల్లా గతేంటి? సంతకం పెట్టింది నేనే కదా అని రేపు నన్నే అడుగుతారు." ఆయన మాటను నేను కొట్టిపారేయలేను. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పైన గదుల్లో ఉన్న ఎనిమిది మంది పొగకు ఊపిరాడక పోయారు. ఆ దృశ్యాలు టీవీలో చూసిన ఊరు ఇది. భయం ఉండటం సహజం.

ఆ తర్వాత బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కేంద్రం గట్టిగా బిగించింది. అవి 2022 డిసెంబర్‌లో ఒక విడత, 2023 మార్చి ఆఖరున మరో విడత అమల్లోకి వచ్చాయి. ఈ సంగతి అసోసియేషన్లకు ఎవరు చెప్పాలి? చెప్పినా, నాలాంటి కారు యజమాని నోటి మాట ఎందుకు నమ్ముతారు? ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఒకటి చేతిలో ఉంటే ఆ పెద్దాయన భయం తీరేది. సంతకం బరువు కూడా ఆయన ఒక్కడి మీద పడేది కాదు.

ఇంకో విషయం. వద్దు అన్నంత మాత్రాన జనం చార్జింగ్ మానరు, దొంగచాటుగా చేస్తారు. ఇది నేను చాలా చోట్ల కళ్లారా చూశాను. మొదటి అంతస్తు బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వేలాడేసి, వానకు తడవకుండా జంక్షన్ బాక్సుకు పాలిథిన్ కవరు చుడతారు. వాచ్‌మన్ గది దగ్గర ఉన్న ఒక్క సాకెట్‌కు రాత్రంతా బండి తగిలిస్తారు. మా కింద కూడా అలాంటి సాకెట్ ఒకటి ఉంది. కారుతో పాటు ఇచ్చే పోర్టబుల్ చార్జర్‌ను దానికి పెట్టి చూస్తే ఎర్ర లైటు కొట్టుకుంటూ ఉంది, చార్జింగ్ మొదలు కాదు. చార్జరే పాడైందేమో అనుకున్నాం. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూశాడు. బల్బు మిణుకుమిణుకుమని ఆగిపోయింది. "అన్నా, మీ చార్జర్ మంచిగనే ఉంది. ఈ పాయింట్‌కే ఎర్తింగ్ లేదు. అందుకే తీసుకుంటలేదు" అన్నాడు. బిల్డింగ్ కట్టినప్పుడు తవ్విన ఎర్త్ గుంతలో నీళ్లు పోసినవాళ్లు లేరు. అంటే మోటార్లు, లిఫ్టు, గీజర్లు అన్నీ ఇన్నేళ్లూ అలాగే నడుస్తున్నాయి. కారు చార్జర్ నిరాకరించింది కాబట్టి ఆ లోపం బయటపడింది. అదే రోజు కమిటీలో ఒకావిడ గట్టిగా మాట్లాడి కొత్త ఎర్తింగ్ వేయించారు. ఆ తర్వాతే మాకు అనుమతి దొరికింది. అది కూడా 'మీ ఒక్కరికే' అన్న షరతు మీద.

ఆ షరతే నన్ను ఈ లేఖ రాయడానికి కూర్చోబెట్టింది. మా పై అంతస్తులో ఒక అమ్మాయి స్కూటర్ కొనుక్కుంది. ఆమె మళ్లీ మొదటి నుంచి అందరినీ బతిమాలుకోవాలి. ఎదురింటి వాళ్లు మా బండి చూసి, అసోసియేషన్ గొడవ ఎవరు పడతారని పెట్రోల్ కారే బుక్ చేశారు. అద్దెకు ఉండేవాళ్ల సంగతి మరీ అన్యాయం. పదకొండు నెలల అగ్రిమెంట్ మీద ఉండే కుర్రాడు ముందు ఓనరును అడగాలి, ఓనరు అసోసియేషన్‌ను అడగాలి, అందరూ ఒప్పుకునేసరికి ఇల్లు ఖాళీ చేసే నెల వస్తుంది.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. ఇళ్లలో, ఆఫీసుల్లో సొంతంగా చార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబర్ మార్గదర్శకాల్లోనే రాసింది. 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలను సవరించి, కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతానికి చార్జింగ్ సదుపాయం ఉండాలని సూచించింది. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను మార్చి, వాహనం చార్జింగ్‌కు వేరే కనెక్షన్ అడిగి తీసుకోవచ్చని, మహానగరాల్లో కొత్త కనెక్షన్ మూడు రోజుల్లో ఇవ్వాలని చెప్పింది. ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ పదిహేనేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో, తెలుగులో ఒక్క ముక్క రాతపూర్వకంగా చూపించలేని పరిస్థితిలో, వీటిని పట్టుకుని మనిషి ఎవరి ముందు నిలబడాలి? ఢిల్లీ ప్రభుత్వం 2021లో డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) ద్వారానే సింగిల్ విండో పెట్టింది. దరఖాస్తు, చార్జర్, బిగింపు, కనెక్షన్ అన్నీ ఒకే చోట. మనకూ అలాంటిది సాధ్యమే.

కరెంటు బిల్లు సంగతికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామందికి లెక్క తెలియక నష్టపోతున్నారు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే చిన్న కారు సుమారు 160 యూనిట్లు తాగుతుంది. ఇంటి వాడకం 250 యూనిట్లు అనుకుంటే, కారుతో కలిపి 410. మన శ్లాబుల్లో 300 దాటితే యూనిట్‌కు 9 రూపాయలు, 400 దాటితే తొమ్మిదిన్నర. కారు వల్ల అదనంగా పడేది సుమారు 1,380 రూపాయలు. అదే దూరం లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ కారులో తిరిగితే, లీటరు 107 రూపాయల చొప్పున ఏడు వేలు దాటుతుంది. కాబట్టి శ్లాబు పెరిగినా లాభమే. కానీ శ్లాబుల గొడవ లేకుండా వాహనాల చార్జింగ్‌కు ప్రత్యేక కేటగిరీని మన విద్యుత్ నియంత్రణ మండలి 2018లోనే యూనిట్‌కు 6 రూపాయలతో పెట్టింది. మా అపార్ట్‌మెంట్‌లో ఆ కేటగిరీ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. కరెంటు బిల్లు వెనక వైపు ఖాళీగానే ఉంటుంది కదా సార్, అక్కడ నాలుగు లైన్లు అచ్చు వేయించండి.

అసలు చార్జింగ్ అంటే ఏంటో కొనేటప్పుడు సరిగ్గా చెప్పేవాళ్లే లేరు. షోరూమ్‌లో ఒకసారి పూర్తిగా ఎక్కిస్తే ఎన్ని కిలోమీటర్లు పోతుందో చెబుతారు, సన్‌రూఫ్ చూపిస్తారు. యూనిట్ వేరు, కిలోవాట్ వేరు అని చెప్పరు. బ్యాటరీని బిందె అనుకుంటే అందులో పట్టేది యూనిట్లు, నల్లా ధార ఎంత లావో చెప్పేది కిలోవాట్. ముప్పై యూనిట్ల బ్యాటరీకి 15 యాంపుల సాకెట్ నుంచి మూడు కిలోవాట్ల పైచిలుకు ధార వస్తుంది, ఖాళీ నుంచి నిండడానికి ఇంచుమించు పది గంటలు. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల బాక్సు అయితే నాలుగైదు గంటలు. రోజుకు నలభై కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి ఆ పెద్ద బాక్సు అవసరమే లేదు. రాత్రి రెండు గంటలు మామూలు 15 యాంపుల పాయింట్ చాలు. ఇది తెలియక కొందరు శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) అనవసరంగా పెంచుకుంటున్నారు. ఇంకొందరు మూడు కిలోవాట్ల లోడ్ మీద ఏసీ, గీజర్, కారు అన్నీ ఒకేసారి వేసి ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పడిపోతోందని కారును తిడుతున్నారు. బండిలోనో యాప్‌లోనో టైమర్ ఉంటుంది. రాత్రి పదకొండు తర్వాత మొదలయ్యేలా పెట్టుకుంటే ఇంటి లోడ్‌కూ మంచిది, ఎండాకాలం సాయంత్రాలు ఏసీలతో ఉడికిపోయే మీ ట్రాన్స్‌ఫార్మర్లకూ మంచిది.

బయట ఉన్న ఫాస్ట్ చార్జర్ల గురించి ఎక్కువ రాయను. అవి దూర ప్రయాణాలకు కావాలి, ఖమ్మం వైపు వెళ్లేవాళ్లు సూర్యాపేటలో ఆగి టీ తాగేలోపు కొంత ఎక్కించుకోవడానికి బాగుంటాయి. 80 శాతం దాటాక వేగం బాగా తగ్గుతుంది కాబట్టి నూరు శాతం కోసం అక్కడే కూర్చుంటే వెనక ఉన్నవాళ్లకు ఇబ్బంది. కానీ ఊళ్లో రోజువారీ తిరగడానికి వాటి మీద ఆధారపడితే యూనిట్ ధరకు తోడు 18 శాతం జీఎస్టీ కూడా పడి, ఇంట్లో అయ్యే ఖర్చుకు రెట్టింపు దాటుతుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, అందులో ముందే డబ్బు వేయాలి, తీరా వెళ్తే చార్జర్ ముందు పెట్రోల్ కారు పార్క్ చేసి ఉంటుంది. ఇంట్లో ప్లగ్ ఉన్నవాళ్లకు ఇవి చిన్న విషయాలు. లేనివాళ్లకు ఇదే దినచర్య.

అందుకే మళ్లీ అడుగుతున్నాను. అసోసియేషన్ నిర్ణీత గడువులో సమాధానం చెప్పాలని, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని ఉత్తర్వులో ఉండాలి. చాలినంత మందం ఉన్న రాగి వైరు, విడిగా ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, పరీక్షించిన ఎర్తింగ్ ఉంటే అనుమతి నిరాకరించే వీలు ఉండకూడదు. ఆ పరీక్షను డిస్కం మనిషి వచ్చి చేసి ధ్రువపత్రం ఇవ్వాలి, దానికి ఫీజు పెట్టినా మేము కడతాం. అద్దెకుండేవాళ్లకూ ఇదే వర్తించాలి. కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి దగ్గరా, ప్రతి షోరూమ్ కౌంటర్ మీదా రెండు పేజీల తెలుగు కరపత్రం ఉండాలి: ఏ సాకెట్, ఎంత లోడ్, ఏ కేటగిరీ, ఎవరికి దరఖాస్తు, ఎన్ని రోజుల్లో.

రోడ్డు ట్యాక్స్ మాఫీ గడువు 2026 డిసెంబర్ 31తో ముగుస్తుంది. ఆ తేదీలోపు కారు కొనాలని చూస్తున్న కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. వాళ్లు బుకింగ్ డబ్బు కట్టే ముందే ఈ ఉత్తర్వు వచ్చేలా చూడమని కోరుతున్నాను. మీ శాఖ అధికారులు పిలిస్తే మా ప్యానల్ బోర్డు నుంచి పార్కింగ్ దాకా వేసిన వైరింగ్‌ను, కొత్త ఎర్త్ గుంతను చూపించడానికి మా అసోసియేషన్ పెద్దాయన కూడా ఒప్పుకున్నారు. ఆయన అడగమన్న ప్రశ్న ఒకటే: ధ్రువపత్రం మీద సంతకం డిస్కం పెడుతుందా?

ఇట్లు,
నిజాంపేట నుంచి ఒక విద్యుత్ వినియోగదారు