మా నాయన చెప్పిన పది, మీరు రాసుకున్న పది: నమోదు సరిచేయమని కోరుతూ ఫిర్యాదు

నల్లగొండ,
14-07-2025

పరిశోధన విభాగం మేనేజర్ గారికి,

విషయం: పొద్దున ఆపరేషన్ చేసి సాయంత్రం ఇంటికి పంపే రోగుల మీద మీరు చేస్తున్న మత్తుమందు అధ్యయనంలో మా నాయన జవాబులు తలకిందులుగా నమోదు కావడం, ఆ రాత్రి ఆయనకు జరిగింది అసలు నమోదే కాకపోవడం గురించి.

నమస్కారం. నేను నల్లగొండలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా నాయనకు 67 ఏళ్ళు, మర్రిగూడ మండలంలో ఉంటాడు. జూన్ 24న ఆయన గజ్జల్లో హెర్నియాకు ఆపరేషన్ అయింది. ఆ పొద్దున్నే మీ అధ్యయనంలో చేర్చుకున్నారు. వెన్నులో ఇచ్చే రెండు మత్తుమందుల్లో దేనితో మనిషి తొందరగా, బాగా తేరుకుంటాడో చూడడం మీ ఉద్దేశమని కాగితంలో ఉంది. ఆపరేషన్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చేసిన సర్జన్ గారికీ మత్తు డాక్టరు గారికీ మేం రుణపడి ఉన్నాం. నా ఫిర్యాదు మీ సంస్థ మీద, మీరు రాసుకున్న అంకెల మీద.

జూన్ 25 పొద్దున పదింటికి మీ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు మా నాయన ఇంట్లో లేడు. దేవరకొండలో ఒక దవాఖానలో మంచం మీద ఉన్నాడు, మూత్రానికి పైపు వేసి ఉంది. ఫోన్ చేసిన అమ్మాయి ఎక్కడున్నారని అడగలేదు. ఆమె ముందున్న కాగితంలో ఆ ప్రశ్న లేదు కాబట్టి ఆమెను నేను తప్పుపట్టను. స్పీకర్ పెట్టి ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకున్నది నేనే. అందుకే ఇక్కడ రాస్తున్న ప్రతి మాటా నా చెవులతో విన్నది.

మొత్తం పదిహేను ప్రశ్నలు. మొదటి పదీ మంచి సంగతులు: ఊపిరి సులువుగా ఆడుతోందా, తిండి సయించిందా, నిద్ర పట్టిందా, పని చేసుకోగలుగుతున్నారా, ఇట్లాంటివి. సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పాలి, బాగుంటే పది. ఇంతవరకు ఆయనకు అర్థమైంది. మిగిలిన ఐదూ బాధల గురించి: ఓ మోస్తరు నొప్పి, తీవ్రమైన నొప్పి, వాంతులు లేదా వికారం, ఆందోళన, దిగులు. ఇక్కడికి వచ్చేసరికి మీ ఫారంలో కొలత తిరగబడుతుంది. ఈ ఐదింటికి పది అంటే ఆ బాధ అస్సలు లేదని, సున్నా అంటే అది విడవకుండా ఉందని. ఎక్కువ మార్కులు ఎప్పుడూ మంచికే గుర్తుగా ఉండాలని ఫారం తయారుచేసినవాళ్ళు అట్లా పెట్టారు, అందులో తప్పు లేదు. కానీ కొలత మారిందన్న ముక్క మా నాయనకు ఎవరూ చెప్పలేదు. "తీవ్రమైన నొప్పి, సున్నా నుంచి పది" అని మాత్రం అడిగారు.

"పదికి పది బిడ్డా. రాత్రి పానం పోయినట్టే అయింది" అన్నాడు.

వాంతులు అని అడిగితే "లేవమ్మా, సున్నా" అన్నాడు.

మా దిక్కు నొప్పి పది అంటే పదహారణాల నొప్పి అనే అర్థం. నల్లగొండ జిల్లాలో ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా అడిగి చూడండి, ఇంకో అర్థం చెప్పేవాళ్ళు దొరకరు.

జూలై 8న ఆపరేషన్ గాయం చూపించడానికి వచ్చినప్పుడు మీ కోఆర్డినేటర్ గారిని అడిగితే మా నాయన ఫైలు చూపించారు, అనుమతి తీసుకుని ఫోటో తీసుకున్నాను. ఐదు బాధలకు రాసిన అంకెలు వరసగా 8, 10, 0, 9, 5. అన్నీ ఆయన నోటితో అన్నవే, అందులో ఒక్కటి కూడా అబద్ధం కాదు. కానీ మీ కొలతలో చదివితే అర్థం ఏమవుతుందో చూడండి: ఆ మనిషికి తీవ్రమైన నొప్పి అసలు లేదు, కానీ ఇరవై నాలుగు గంటలూ వాంతులే. జరిగింది సరిగ్గా దీనికి ఎదురు.

మీ కొలత ప్రకారం సరిచేస్తే ఆ అంకెలు 2, 0, 10, 1, 5 కావాలి. మీరు రాసిన దాని మొత్తం 32. రావలసింది 18. పద్నాలుగు మార్కుల తేడా. లెక్కల టీచర్‌గా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి ఉంది. నొప్పి దగ్గర ఎక్కువ పడిన మార్కుల్లో కొన్నిటిని వాంతుల దగ్గర తక్కువ పడినవి మింగేశాయి. అందుకే మొత్తం చూస్తే వింతగా ఏమీ కనపడదు. 150కి లెక్కేసే మార్కుల్లో ఇట్లాంటి తప్పు ఎవరి కంటా పడకుండా దాక్కుంటుంది. పరీక్ష పేపర్లలో రెండు తప్పులు కలిసి సరైన జవాబు రావడం నేను ఏటా చూస్తాను. అందుకే మొత్తం ఒక్కటే చూసి మార్కులు వేయను.

మీ ఫారం పేరు క్యూఓఆర్-15 (క్వాలిటీ ఆఫ్ రికవరీ), ఆపరేషన్ తర్వాత మనిషి ఎంత బాగా తేరుకున్నాడో కొలిచేది. ఆస్ట్రేలియాలో తయారైంది, 2013లో వెలువడింది. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల ఇప్పుడు అనస్తీషియా టెక్నీషియన్, ఆమె నాకు ఇదంతా విడమరిచి చెప్పింది. ఈ ఫారంలో 8 మార్కుల తేడా వస్తే రోగికి నిజంగా తేడా తెలిసినట్టని 2016లో తేల్చారు, 2021లో దాన్ని 6కు తగ్గించారు. అంటే ఏ మందు మేలో తేల్చడానికి ఆరు మార్కులు సరిపోయే చోట, ఒక్క మనిషి దగ్గరే పద్నాలుగు మార్కులు తప్పు పోయాయి. మనుషుల మీద చేసే ఇట్లాంటి అధ్యయనాలు నమోదయ్యే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మీ అధ్యయనం పేజీ కూడా చదివాను. ఆపరేషనైన 24 గంటలకు ఈ ఫారంలో వచ్చే మార్కులే ప్రధాన ఫలితమని అక్కడ మీరే రాశారు. మా నాయన ఒక్కడికే ఇట్లా జరిగిందా? అదే గొంతు, అదే ప్రశ్న, అదే తొందర మిగతావాళ్ళకూ ఉండి ఉంటే మీ అధ్యయనం తేల్చేది ఏమిటి?

తెలుగు తర్జుమా సంగతీ చెప్పాలి. "సౌకర్యవంతంగా, నియంత్రణలో ఉన్నట్లు భావించారా" అని ఒక ప్రశ్న. మా నాయన అది మూత్రం గురించి అనుకున్నాడు. ఆ రాత్రంతా ఆయన పడిన బాధ అదే మరి. "యాడిది నియంత్రణ తల్లీ, పైపు ఏసిండ్రు" అన్నాడు. అవతల ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. "ఒక నంబర్ చెప్పండి" అన్నారు. ఆయన నా మొహం చూశాడు. "ఏడు రాసుకోండ్రి" అన్నాడు. ఫారంలో ఏడు ఉంది. పైపు లేదు. ఆయన చెప్పిన అసలు మాటకు మీ కాగితంలో గడి లేదు. "సాధారణ శ్రేయస్సు" అనే మాటకైతే ఆయన ఏం అర్థం చేసుకున్నాడో నాకే తెలియదు. ఒక ఫారాన్ని ఇంకో భాషలోకి తెచ్చినప్పుడు దాన్ని తిరిగి మొదటి భాషలోకి మార్చి పోల్చి చూస్తారని, ఆ తర్వాత ఆ భాష మాట్లాడే మామూలు మనుషుల మీద పరీక్షించి చూస్తారని విన్నాను. ఈ తెలుగును మా జిల్లా రైతు ఒక్కడికైనా చదివి వినిపించి ఉంటే ఆ ప్రశ్న అట్లా మిగిలేది కాదు.

ఇప్పుడు రాత్రి సంగతి. ఆపరేషన్ పొద్దున తొమ్మిదింటికి. సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి పంపారు. పంపేటప్పుడు వేసిన పది మార్కుల పట్టిక నా దగ్గర ఉంది: బీపీ-నాడి, నడక, వాంతులు, నొప్పి, రక్తం కారడం, ఒక్కొక్కదానికి రెండేసి. తొమ్మిది వస్తే పంపవచ్చు. ఆయనకు తొమ్మిది వచ్చాయి, నడకలో ఒకటి పోయింది. మూత్రం పోశాడా అనే గడి అందులో లేదు. పోయలేదని నేను రెండుసార్లు చెప్పాను. ఇంటికి పోయాక వస్తుందన్నారు. మూత్రం పోసేదాకా అందర్నీ ఆపనక్కర్లేదని ఇప్పటి పద్ధతి అని ఆ టెక్నీషియన్ పిల్ల చెప్పింది, నమ్ముతాను. కానీ వయసు మళ్ళిన మగవాళ్ళు, గజ్జల్లో ఆపరేషన్, వెన్నులో మత్తు, ఈ మూడూ కలిసినప్పుడు మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువని కూడా ఆమే చెప్పింది. ఒక్క స్కానింగ్ పెట్టి మూత్రాశయం ఎంత నిండిందో చూస్తే తెలిసిపోయేది. రాత్రి ఒంటిగంటకు ఆయన పొత్తికడుపు కుండలా ఉబ్బింది. 108కు ఫోన్ చేసి దేవరకొండ చేరేసరికి రెండున్నర. పైపు వేస్తే దగ్గర దగ్గర లీటరు వచ్చింది. అక్కడే చేర్చుకుని రెండు రోజులు ఉంచారు.

25 సాయంత్రమే మీ కోఆర్డినేటర్ గారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. జూలై 8న ఫైల్లో ప్రతికూల సంఘటనల పేజీ (అధ్యయనంలో ఉండగా రోగికి జరిగిన కీడు రాసేది) చూస్తే "లేవు" అని ఉంది. ట్రయల్లో ఉన్న మనిషి దవాఖానలో చేరవలసి వస్తే అది తీవ్రమైన సంఘటన. 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకి (ట్రయల్లో చేరినవాళ్ళ హక్కులు, భద్రత చూసే కమిటీ) తెలపాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ఉంది. ఆ రెండక్షరాల మాట ఎవరు రాశారో నాకు తెలియాలి.

నడకలో పోయిన ఆ ఒక్క మార్కు గురించి కూడా వినండి. అది మత్తు వల్ల పోయింది కాదు. మర్రిగూడ అంటే ఈ రాష్ట్రంలో ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మిషన్ భగీరథ నల్లా వచ్చేదాకా మా నాయన తాగింది ఆ ఫ్లోరైడ్ బోరు నీళ్ళే. మోకాళ్ళు వంగవు, నడుము వంగదు, కింద కూర్చుని లేవలేడు. ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు సున్నం చేరి బిగుసుకుపోయిన వెన్ను అది. మత్తు డాక్టరు గారు మూడుసార్లు సూది గుచ్చితే గానీ సందు దొరకలేదు, పాపం ఆయన ఎంతో ఓపికగా చేశారు. అట్లాంటి మనిషిని "ఎవరి సాయం లేకుండా కాలకృత్యాలు తీర్చుకోగలిగారా" అని అడిగితే మూడు అన్నాడు. పదేళ్ళుగా ఆయన జవాబు మూడే! ఆపరేషన్‌కు ముందు కూడా ఇదే ఫారం నింపితే ఆ సంగతి తెలిసేది. ఫైల్లో ఆపరేషన్‌కు ముందు నింపాల్సిన పేజీ ఖాళీగా ఉంది. అంటే మా నేల నీళ్ళు చేసిన నష్టాన్ని మీరు మత్తుమందు ఖాతాలో వేశారు.

అధ్యయనంలో చేరడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం కూడా పొద్దున ఏడున్నరకు తీసుకున్నారు, ఆయన పరగడుపున గౌను వేసుకుని వరసలో ఉండగా. నేను కింద మందుల షాపు దగ్గర ఉన్నాను. ఆపరేషన్ కాగితాలే అనుకున్నానని తర్వాత నాతో అన్నాడు. నిబంధనల ప్రకారం మాకు ఇవ్వవలసిన ఆ కాగితం నకలు నేను అడిగేదాకా ఇవ్వలేదు.

ఇంత రాస్తున్నది మీ పరిశోధన ఆగిపోవాలని కాదు. సాయంత్రానికి ఇల్లు చేరే ఆపరేషన్లు మాలాంటి వాళ్ళకే ఎక్కువ అవసరం. ఒక్క రాత్రి దవాఖానలో ఉంటే తోడొచ్చిన మనిషికి రెండు రోజుల కూలి పోతుంది, వరండాలో చాప మీద పడుకోవాలి, ఇంటికాడ బర్రెలకు నీళ్ళు పెట్టేవాళ్ళు ఉండరు. ఏ మందుతో తొందరగా, భద్రంగా ఇంటికి పోవచ్చో ఎవరైనా తేల్చాల్సిందే. కానీ మీరు తేల్చేది రేపు పద్ధతిగా మారుతుంది. ఆ మందు మంచిదని అందరికీ అదే ఇస్తారు. అప్పుడు ఆ రాత్రి ఒంటిగంటకు ఇంకో ఊళ్ళో ఇంకొకరి నాయన కడుపు పట్టుకుని ఉంటాడు, అతన్ని 108లో ఎక్కించే కూతురికి ఎందుకిట్లా అయిందో ఎప్పటికీ తెలియదు.

నేను కోరేవి ఇవి. మా నాయన అంకెలు సరిచేయండి. పాతవి చెరిపేయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనవి రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, కారణం రాయండి. తెలుగులో ఫోన్ చేసి అడిగిన ప్రతి ఒక్కరి రికార్డింగూ మళ్ళీ వినండి. రికార్డింగ్ లేకపోతే ఆ ఐదు అంకెల్ని లెక్కలోకి తీసుకోకండి. దవాఖానలో చేరిన సంగతి ఎథిక్స్ కమిటీకి తెలిపి, ఆ కాగితం ప్రతి నాకు పంపండి. దేవరకొండలో అయిన ఖర్చు మీరు సంతకం చేయించుకున్న కాగితం ప్రకారం మీది, బిల్లులు జతచేశాను. అన్నిటికంటే ముందు, ఫోన్ చేసే పిల్లలకు ఇచ్చే కాగితం మార్చండి. ఆ ఐదు ప్రశ్నల ముందు ఆగి, "ఇప్పుడు లెక్క తిరగబడుతుంది, నొప్పి అసలు లేకుంటే పది, ఎడతెగకుండా ఉంటే సున్నా" అని చెప్పించి, విన్నవాళ్ళ చేత తిరిగి చెప్పించుకోండి. కావాలంటే ఆ తెలుగు నేను రాసిస్తాను, డబ్బులు వద్దు.

ఈ లేఖ ప్రతిని ఎథిక్స్ కమిటీకి కూడా పంపుతున్నాను. జూలై 31 లోపు మీ జవాబు రాతలో, తెలుగులో కావాలి. మా నాయనకు నేను చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ అధ్యయనంలో పాల్గొన్న వ్యక్తి కూతురు