నీ నడుము కొలత గురించి నాన్న వ్రాయునది

తిరుపతి,
ఆదివారం ఉదయం.

చిరంజీవి అబ్బాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, అవ్వా క్షేమంగా ఉన్నాము. ఈ సంగతులు ఫోనులో ఎత్తుకుంటే నువ్వు రెండు నిమిషాలు విని, “సరే నాన్నా, మీటింగ్ ఉంది” అంటావు. నిదానంగా చదువుకుంటావని ఉత్తరం వ్రాస్తున్నాను.

ఉగాదికి వచ్చినప్పుడు మీ అమ్మ వడ్డించిన ఓళిగను సగం తుంచి పక్కన పెట్టావు. దానికి నాకేమీ బాధ లేదు. కానీ ఆ రాత్రి అసలు అన్నమే వద్దని పడుకున్నావు. తెల్లవారుజామున నీ గదిలో లైటు వెలుగుతుంటే వచ్చి చూశాను. అద్దం ముందు నిలబడి, బొడ్డు కింది కొవ్వును రెండు వేళ్ళతో పట్టుకొని, వదిలి, మళ్ళీ పట్టుకొని చూసుకుంటున్నావు. ఏడు నెలల్లో 86 కిలోల నుండి 75 కిలోలకు దిగిన మనిషి ముఖంలో ఉండవలసిన సంతోషం నీ ముఖంలో కనబడలేదు. నువ్వు బెంగళూరుకు బయలుదేరే ముందు మీ అమ్మ నీ సంచి సర్దుతుంటే, చెమట పట్టించే నడుము బెల్టూ, కొవ్వు కరిగిస్తామని రాసి ఉన్న మాత్రల డబ్బా బయటపడ్డాయి. ఆ రెండింటినీ చూసినప్పటి నుండి నా మనసు కుదురుగా లేదు.

ముందు నా సంగతి చెప్పనివ్వు, ఎందుకంటే నేను మాట్లాడేది పుస్తకంలో చదివినది మాత్రమే కాదు. నాకు షుగరు బయటపడ్డప్పుడు నా వయసు 46. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత తగినదో చెప్పే లెక్క వేస్తే, మనవాళ్ళకు పెట్టిన హద్దు 23కు లోపే. బడిలో అందరూ నన్ను సన్నని మాస్టారనే అనేవారు. చేతులు పుల్లల్లా ఉండేవి, చొక్కా వదులుగా ఉండేది, ఆ చొక్కా చాటున 94 సెంటీమీటర్ల పొట్ట ఉండేది. జీవశాస్త్రం చెప్పే నేను దాన్ని ఏనాడూ టేపు పెట్టి కొలుచుకోలేదు. బడిలో పెట్టిన వైద్య శిబిరంలో రక్తం తీయించుకున్న రోజున గాని నాకు తెలియలేదు.

మన జాతి శరీరాల తీరే అది. పూణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆంగ్లేయుడైన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటోను ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. కానీ యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉంది. ఒకే బరువు తూగినా మనవాళ్ళకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వు కూడా నడుము దగ్గరే చేరుతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతటా జరిపించి 2023లో ప్రకటించిన సర్వేలో మామూలు స్థూలకాయం 28.6 శాతం మందిలో కనబడితే, పొట్ట స్థూలకాయం 39.5 శాతం మందిలో కనబడింది. మన శరీరాల తీరు ఇలా ఉన్నందుకే మన మగవాళ్ళకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదని హద్దు పెట్టారు. నీ కొలత 102 నుండి 93కు వచ్చింది. ఇంకా మూడు సెంటీమీటర్లే ఉందని నేనంటాను. ఇంకా పొట్ట పోలేదని నువ్వంటావు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. పొట్టలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి నీ వేళ్ళకు అందేది, చర్మం కిందిది. రెండవది ఉదరం లోపల, పేగులను అంటిపెట్టుకొని ఉండేది. ఇది వేళ్ళకు అందదు, అద్దంలోనూ కనబడదు. పేగుల మీది కొవ్వు నుండి వచ్చే రక్తం నేరుగా కాలేయానికే చేరుతుంది కాబట్టి, అక్కడి నుండి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాల భారం ముందుగా కాలేయం మీదే పడుతుంది. షుగరుకూ, గుండె జబ్బుకూ ఎక్కువగా దారితీసేది ఈ లోపలి కొవ్వే. మనిషి బరువు తగ్గడం మొదలుపెట్టగానే తన వాటాకు మించి ముందుగా తరిగేదీ ఇదే. నీ ఆఫీసువాళ్ళు చేయించిన రక్తపరీక్షల్లో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 212 నుండి 138కి దిగాయని నువ్వే నాకు కాగితం చూపించావు. 150 లోపు ఉంటే చాలని డాక్టర్లు చెబుతారు. నన్ను కాటేసిన పాము నీ ఇంట్లో నుండి వెళ్ళిపోతూ ఉందిరా, నువ్వు మాత్రం గడప దగ్గర మిగిలిన కుబుసాన్ని చూసి దిగులు పడుతున్నావు.

మరి పైకొవ్వు ఎందుకు అంత మొండిగా ఉంటుంది? దానికీ కారణముంది. కొవ్వు కణంలో దాచిన సరుకు బయటికి రావాలంటే అడ్రినలిన్ వంటి హార్మోన్ల పిలుపు అందాలి. ఆ పిలుపును అందుకునే గ్రాహకాలు కణం మీద రెండు రకాలుగా ఉంటాయి. బీటా రకం తలుపు తెరిపిస్తుంది, ఆల్ఫా-2 రకం తలుపు మూయిస్తుంది. మగవాళ్ళకు బొడ్డు చుట్టూ చర్మం కింద, ఆడవాళ్ళకు తుంటి మీదా తొడల మీదా ఈ మూయించే రకం ఎక్కువ పాళ్ళలో ఉంటుంది. రక్తప్రసరణ కూడా అక్కడ మందంగానే ఉంటుంది కాబట్టి, విడుదలైన కాస్త కొవ్వయినా కండరాల దాకా వెళ్ళి ఖర్చు కావడం ఆలస్యమవుతుంది. చంద్రగిరి దగ్గర మన ఊళ్ళో కరువు సంవత్సరాల్లో అవ్వ ముందు కుండల్లోని గింజలు వాడి, తరువాత మూటలు విప్పి, గాదె అడుగును మాత్రం అన్నీ అయిపోయాక గాని ముట్టేది కాదు. నీ శరీరం చేస్తున్నది కూడా అదే. ముఖమూ, ఛాతీ, చేతులూ ముందు తీసిపోయి పొట్ట మిగలడం నీ తప్పు వల్ల జరిగింది కాదు, నీ పట్టుదలలో లోపమూ లేదు. ఎక్కడి కొవ్వు ముందు పోవాలో నీ వంశమూ, నీ హార్మోన్లూ నిర్ణయిస్తాయి. నా పొట్టను చూసినా నీకు అది తెలుస్తుంది.

రోజూ రెండు వందల క్రంచెస్, అదే వెల్లకిలా పడుకొని భుజాలు పైకి లేపే పొట్ట వ్యాయామం, చేస్తున్నానన్నావు. చెయ్యి, పొట్ట కండరాలు గట్టిపడతాయి, నడుముకు బలం వస్తుంది. కానీ ఆ కండ మీద ఉన్న కొవ్వును ఆ కండే తినేస్తుందని అనుకోవద్దు. కండరం తనకు కావలసిన ఇంధనాన్ని రక్తం నుండి తీసుకుంటుంది, ఆ రక్తంలోకి కొవ్వు శరీరమంతటి నుండీ వచ్చి చేరుతుంది. 1984లో అమెరికాలో పదమూడు మంది యువకుల చేత 27 రోజుల్లో 5,004 సిటప్స్ (పడుకొని లేచి కూర్చునే వ్యాయామం) చేయించి, పొట్ట, వీపు, పిరుదుల దగ్గర సూదితో కొవ్వు కణాలను తీసి కొలిచారు. మూడు చోట్లా కణాలు ఒకే తీరుగా చిక్కాయి, పొట్ట దగ్గర ప్రత్యేకంగా ఏమీ తగ్గలేదు. అంతకుముందు 1971లో టెన్నిస్ ఆటగాళ్ళను పరీక్షించినప్పుడూ ఆడే చేతికీ, ఆడని చేతికీ చర్మం కింది కొవ్వులో తేడా కనబడలేదు.

బెల్టు సంగతి. అది తీసేది నీటిని. చెంబెడు నీళ్ళు తాగితే ఆ తగ్గిన బరువు తిరిగి వస్తుంది. కొవ్వు శరీరాన్ని వదిలే దారి వేరు. 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపారు, 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరి వెంట వెళ్ళిపోతుంది, 1.6 కిలోలు మాత్రమే నీరవుతుంది. నువ్వు నాతో అలిపిరి మెట్లెక్కిన రోజున, 3,550 మెట్లలో మోకాళ్ళ పర్వతం దగ్గర తప్ప ఎక్కడా కూర్చోకుండా వచ్చావే, నీ కొవ్వు ఆ ఊపిరిలో పోయింది. మూడేళ్ళ క్రితం గాలిగోపురం చేరకముందే నాలుగుసార్లు కూలబడ్డ వాడివి నువ్వు. ఈసారి నాకోసం నువ్వు ఆగవలసి వచ్చింది. ఆ రోజు నేనేమీ అనలేదు గాని, లోలోపల ఎంత మురిసిపోయానో నాకూ ఆ స్వామికీ తెలుసు.

మాత్రలను మాత్రం ఈ ఉత్తరం అందిన రోజే పారెయ్యి. ఇందులో నీతో వాదించను. గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతున్నదని 2010లో అమెరికాలోనూ, ఐరోపాలోనూ మార్కెట్టు నుండి తొలగించిన సిబుట్రమిన్ అనే మందు, బరువు తగ్గిస్తామని అమ్మే కొన్ని డబ్బాల్లో పేరు రాయకుండా కలిసి ఉండగా పట్టుబడింది. కళ్ళు మూసుకొని నోట్లో వేసుకునే వస్తువు కాదది.

రాత్రి అన్నం మానేయడం గురించి మీ అమ్మ నన్ను ప్రత్యేకంగా వ్రాయమంది. అన్నం తగ్గించడం వేరు, కడుపు మాడ్చుకోవడం వేరు. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలో కేలరీలు ఉంటాయి. రోజుకు నాలుగైదు వందలు లోటు పెట్టుకుంటే పదిహేను, పందొమ్మిది రోజుల్లో ఒక కిలో లెక్కకు వస్తుంది, అదీ కాగితం మీద. మనిషి చిక్కిన కొద్దీ శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది కాబట్టి నిజంలో ఇంకా నిదానిస్తుంది. ఆ నిదానాన్ని చూసి భయపడి నువ్వు ఇంకా తిండి కోస్తే, మాంసకృత్తులు చాలక కండ కరుగుతుంది. కండ కరిగి పొట్ట మిగిలితే చివరికి నాలాగే తయారవుతావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నీకు అరవై గ్రాములకు పైమాటే. రాత్రి రెండు గుడ్లో, గిన్నెడు గట్టి పప్పో, ఉడికించిన ఉలవలో, పెరుగో లేకుండా పడుకోవద్దు. వారానికి రెండు మూడు రోజులు క్రంచెస్ బదులు కాళ్ళకూ, వీపుకూ, భుజాలకూ బరువులెత్తే వ్యాయామం చెయ్యి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రాగి సంగటి తింటే పొట్ట దానంతట అదే కరిగిపోతుందని మనవాళ్ళు అంటారు. రాగుల్లో పీచూ, కాల్షియమూ ఎక్కువే గాని, కేలరీల్లో బియ్యానికీ రాగికీ పెద్ద తేడా లేదు. రెండు ముద్దలు తినే చోట ఒక ముద్ద తిన్నప్పుడే దాని మేలు దక్కుతుంది. చెనక్కాయలతో నూరే ఊరిబిండి పచ్చడి కూడా అంతే, వంద గ్రాముల చెనక్కాయల్లో 560కి పైగా కిలో కేలరీలుంటాయి. రుచికి వేసుకో, కూరలా కలుపుకోవద్దు.

నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ నీ నిద్ర గురించి. అమెరికావాళ్ళ ఫోన్ల కోసం రాత్రి రెండింటిదాకా మేలుకొని, ఏడింటికి జిమ్ముకు లేస్తున్నావు. 2010లో చికాగోలో ఒకే మనుషులకు ఒకే రకమైన మితాహారం పెట్టి, పద్నాలుగు రోజులు ఎనిమిదిన్నర గంటలు, మరో పద్నాలుగు రోజులు ఐదున్నర గంటలు మంచం మీద ఉండనిచ్చి చూశారు. రెండుసార్లూ బరువు మూడు కిలోల చొప్పునే తగ్గింది. కానీ బాగా నిద్రపోయినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర చాలనప్పుడు 0.6 కిలోలే. తక్కినదంతా కండ మొదలైన వాటి నుండి పోయింది. అంటే నువ్వు ఆకలిని ఓర్చుకొని సంపాదించిన దాంట్లో సగానికి పైగా నీ మేలుకువే పాడుచేస్తున్నది. ఉదయం జిమ్ము ఒక రోజు తప్పినా పరవాలేదు, నిద్ర మాత్రం తప్పించవద్దు. నువ్వు ఆఫీసులో అడిగి వారానికి రెండు రాత్రులైనా ఆ ఫోన్లు మార్పించుకుంటే నాకు ఎంతో నిశ్చింతగా ఉంటుంది.

ఈ ఉత్తరంతో బట్టల దర్జీ టేపు ఒకటి పెట్టి పంపుతున్నాను. ప్యాంటు మీద రాసి ఉండే అంకెను నమ్మవద్దు, మనం ప్యాంటును పొట్ట కిందికి జార్చి కడతాము కదా. నెలకొకసారి, మొదటి ఆదివారం, పొద్దున్నే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కొలుచుకో. చొక్కా తీసి నిటారుగా నిలబడి, చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపును నేలకు సమంగా చుట్టు. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత చూడు. చర్మాన్ని నొక్కేంత బిగించవద్దు. రోజూ కొలవవద్దు, ముందురోజు తిన్న ఉప్పుకూ, కడుపు ఉబ్బరానికీ అంకె అటూ ఇటూ మారి నిన్ను ఊరికే ఏడిపిస్తుంది. ముందు 90 లోపు రానీ. నీ ఎత్తు 172 కాబట్టి అందులో సగం, అంటే 86 దగ్గరికి వచ్చిన నాడు నాకు చెప్పు. అప్పటికీ బొడ్డు కింద రెండు వేళ్ళకు కొంచెం కొవ్వు అందుతూనే ఉండవచ్చు. అది ఉంటే ఉండనీ, దానివల్ల నీకు కీడు లేదు.

నేను కూడా నీతో పాటు కొలుచుకుంటున్నాను. ఈ ఉదయం నాది 91. షుగరు వచ్చిన తరువాత ఇన్నేళ్ళలో 94 నుండి మూడే తగ్గించగలిగాను. నీ అంకె వ్రాసి పంపితే, నాదీ వ్రాసి పంపుతాను.

మీ అమ్మ వేయించిన ఉలవలూ, కిలో రాగి పిండీ వేరే పొట్లంలో పంపుతున్నది. అవ్వ నీకు దీవెనలు చెప్పమంది. వచ్చే నెల వస్తే ఈసారి శ్రీవారి మెట్టు దారిన వెళదాము, చిన్నదారి అయినా నిటారుగా ఉంటుంది. రాత్రి భోజనం చేసి రావాలి సుమా.

ఇట్లు,
నాన్న