గుర్రాల ఆశ్రయాన్ని పెంచేముందు మేత సంగతి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా నెల్లూరు జిల్లాలో దిక్కులేని గుర్రాలను, దెబ్బతిన్న అడవి జీవాలను చేరదీసే ఒక ఆశ్రయం ఉంది. రెండేళ్లుగా ఆదివారాలు అక్కడికి వెళ్లి లద్దె ఎత్తి, తొట్లు కడిగి వస్తుంటాను. ఇప్పుడక్కడ 20 గుర్రాలున్నాయి. మూడేళ్లలో వాటిని 40 చేస్తామని, పక్కనే అడవి జీవాలకు వార్డు కడతామని, ఖర్చుల కోసం టికెట్టు పెట్టి పిల్లల్ని గుర్రాలెక్కిస్తామని నిర్వాహకులు చెబుతున్నారు. వాళ్ల మనసు మంచిది, కళ్లారా చూస్తున్నాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. ముందు మేత, నీళ్లు, డాక్టరు కుదరాలి, ఆ తర్వాతే కొత్త గుర్రాల్ని తేవాలి.

ఈ గుర్రాల్లో ఎక్కువ పెళ్లి ఊరేగింపులకు తిరిగినవే. ఆషాఢమో మూఢమో వచ్చిందంటే ముహూర్తాలుండవు, యజమానికి సంపాదన ఉండదు, గుర్రం మాత్రం రోజూ తినాలి కదా. పోయిన ఆషాఢంలో ఒకాయన తెల్ల ఆడగుర్రాన్ని నడిపించుకొచ్చి, "అన్నా, మేపలేకపోతున్నా, మీరే పెట్టుకోండి" అని గేటు దగ్గరే కళ్లెం చేతికిచ్చి ఏడ్చాడు. ముందుకాళ్ల గిట్టలు పెరిగి పెరిగి పాత చెప్పు మొనలా పైకి వంకర తిరిగాయి. వీపు మీద జీను ఒరుసుకుని అరచేయంత పుండు. నోటి మూలల్లో కళ్లెం కోసిన గాట్లు. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి, కానీ ఆ పని తెలిసిన మనిషి కోసం పదకొండు రోజులు ఎదురుచూశాం. జట్కా బళ్లు పోయాక లాడాలు కొట్టేవాళ్లూ పోయారు. 20 గుర్రాలకే ఇలా ఉంటే 40కి ఎవరు చెక్కుతారు? ఆ పని నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లను ఇప్పుడే పంపాలి.

ఇక మేత. నెల్లూరంటేనే వడ్లు, వరిగడ్డికి కొదవేముంది అని అందరూ అంటారు. ఆవు నెమరేస్తుంది, గుర్రం నెమరెయ్యదు. ఒట్టి వరిగడ్డి మీద ఉంచి నీళ్లు సరిగా పెట్టకపోతే పేగుల్లో మేత గడ్డకట్టి శూల వస్తుంది, వాంతి చేసుకునే వీలు కూడా గుర్రానికి లేదు. పాడి రైతులు వేస్తున్నారు కదా అని ఆశ్రయం వాళ్లు సూపర్ నేపియర్ గడ్డి వేయాలనుకుంటున్నారు, అదొక్కటే పెడితే అందులోని ఆక్సలేట్ అనే పదార్థం వల్ల గుర్రానికి కాల్షియం అందక ఎముకలు దెబ్బతింటాయి. మనం వినాయకుడికి పెట్టే గరిక ఉంది చూశారా, గుర్రానికి దాన్ని మించిన మేత లేదు. దానికి తోడు వేరుశనగ కట్టె, కొద్దిగా ఉలవలు చాలు. 300 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 6 కిలోల ఎండుమేత కావాలి, అంటే 40 గుర్రాలకు ఏడాదికి 87 టన్నులు దాటుతుంది. తాగడానికి ఒక్కోదానికి రోజుకు 25 లీటర్లు, ఎండాకాలంలో అంతకంటే ఎక్కువ. అక్కడున్నది ఒక్క బోరు, పోయిన మే నెలలో అది గంటసేపు కూడా పోయలేదు.

ఆ మే నెలలోనే ఒక రాత్రి ముసలి గుర్రానికి శూల వచ్చింది. నేల మీద దొర్లడం, లేవడం, తల తిప్పి పొట్టవైపు చూసుకోవడం, ఒళ్లంతా చెమట. దగ్గర్లోని పశువుల డాక్టరు గారు పాపం అర్ధరాత్రే వచ్చారు, తను చూసేవన్నీ గేదెలూ గొర్రెలే అని చెప్పి, తిరుపతిలో తన గురువుకి ఫోన్ చేసి ఆయన చెప్పినట్టు ముక్కులోంచి గొట్టం వేశారు. తెల్లవారుజామున లద్దె వేసింది. లద్దె చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాం. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని నెలకోసారి ఇక్కడికి పంపేలా ఒప్పందం చేసుకుంటే వాళ్లకు గుర్రాల వైద్యం చేతికొస్తుంది, మాకు ధైర్యం వస్తుంది.

కొత్తగా వచ్చిన గుర్రాన్ని విడిగా ఉంచే పాక కూడా ఇప్పుడు లేదు. గ్లాండర్స్ మనుషులకూ అంటుకునే జబ్బు, ఒక్క గుర్రానికి ఉన్నా మందతో పాటు అక్కడ పనిచేసేవాళ్లకూ ప్రమాదం. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా దూరంగా కట్టేయడానికి మూడు పాకలు వేయడం వార్డు కంటే ముందు జరగాలి.

అడవి జీవాల సంగతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అవి ప్రభుత్వ సొత్తు, చేతికి చిక్కితే 48 గంటల్లోగా అధికారులకో పోలీసులకో చెప్పాలి. జాలి ఉంది కదా అని సొంతంగా పెంచుకోవడానికి లేదు. పోయిన సంక్రాంతి ముందు రొయ్యల చెరువు మీద పక్షులు వాలకుండా కట్టిన దారంలో ఒక గూడబాతు చిక్కుకుంది, రెక్క ఎముక కనిపిస్తోంది. అటవీ సిబ్బందికి చెప్పాం, వాళ్లు దాన్ని తిరుపతి జూకి తీసుకెళ్లారు, 130 కిలోమీటర్ల పైన ప్రయాణం, దారిలోనే చచ్చిపోయింది. నేలపట్టు పక్షుల కేంద్రం జిల్లాల విభజనలో తిరుపతి వైపు పోయినా అక్కడి పక్షులకు ఆ సరిహద్దు తెలియదు, మన చెరువులకు వస్తూనే ఉంటాయి. కాబట్టి ఆశ్రయం సొంతంగా వార్డు కట్టుకోవడం కంటే, అటవీ శాఖే నెల్లూరులో ప్రథమ చికిత్స గది ఒకటి పెట్టి, ఆశ్రయం వాళ్ల బండిని, మనుషుల్ని వాడుకోవడం మేలు.

పిల్లల్ని గుర్రమెక్కించే ఆలోచన మాత్రం వదులుకోవాలి. వీపు పుండు మానడానికి నాలుగు నెలలు పట్టిన గుర్రం మీద మళ్లీ జీను వేయడానికి మనసెలా ఒప్పుతుంది? పిల్లలు వచ్చి మేత పెట్టనీ, ఒళ్లు రుద్దనీ, దానికే టికెట్టు పెట్టుకోండి.

కలెక్టరు గారు మేత కోసం కొంత బంజరు భూమిని లీజుకు ఇప్పించాలని కోరుతున్నాను. అది తేలేలోపు సోమశిల కాలువ కింద పొలం బీడు పెట్టిన రైతులెవరైనా ఒక రెండెకరాలు కౌలుకిస్తే, గరిక దుబ్బులు తెచ్చి మేమే నాటుకుంటాం.

— ఒక పాఠకుడు, కోవూరు, నెల్లూరు జిల్లా