మెట్ట పిల్లలకు అడ్డం ఫీజు కాదు, దాని చుట్టూ ఉన్న ఖర్చు

సంపాదకులకు,

అయ్యా,

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో చాలాకాలం అర్థశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ చేసి, ప్రస్తుతం వింజమూరులో ఉంటున్నాను. యువత చదువుకూ, ఉపాధికీ ప్రభుత్వాలు కేటాయించే నిధుల మీద చర్చ వచ్చినప్పుడల్లా అంతా ఫీజుల చుట్టూనే తిరుగుతుంది. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు వైపు పిల్లలు చదువు ఆపేయడానికి గాని, చేతికొచ్చిన ఉద్యోగం వదులుకోవడానికి గాని నేను చూసినంతలో ఫీజు కారణమైన సందర్భాలు తక్కువ. ఏ పద్దులోనూ లేని చిన్న ఖర్చులు, సమయానికి అందని పెద్ద మొత్తాలు వాళ్లను ఆపుతున్నాయి.

నా పాత విద్యార్థి ఒకడు నెల్లూరులో ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ పూర్తి చేశాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం నుంచి రావలసిన చివరి విడత రాలేదు కాబట్టి, ఆ 18,000 రూపాయలు కడితేనే ధ్రువపత్రాలు ఇస్తామని కళాశాల వారు చెప్పారు. అదే సమయంలో తడ వైపు ఒక కర్మాగారంలో అతనికి ఉద్యోగం ఖాయమైంది. పది రోజుల్లోగా అసలు ధ్రువపత్రాలతో రమ్మన్నారు. తండ్రి బోరు బండి మీద కూలీ. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి అడిగినా, పొగాకు అమ్మకాలు కానిదే ఎవరి చేతా డబ్బు ఆడదని చెప్పారట. పది రోజులు గడిచిపోయాయి. నాకు సంగతి తెలిసేసరికి కుర్రవాడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు కాపలాదారుగా చేరిపోయాడు. తరువాత నాలుగైదు నెలలకు ప్రభుత్వ సొమ్ము రానే వచ్చింది, ధ్రువపత్రాలూ వచ్చాయి. కళాశాల వారిని పూర్తిగా తప్పుపట్టలేను, వారూ అధ్యాపకులకు నెలనెలా జీతాలివ్వాలి కదా. డబ్బు తల్లి ఖాతాలో వేయాలా, కళాశాల ఖాతాలో వేయాలా అని ప్రభుత్వాలు మారినప్పుడల్లా వాదులాడుకుంటున్నాం గాని, ఏ ఖాతాలో వేసినా ఆలస్యంగా వేస్తే ఫలితం ఒక్కటే.

మరో సంగతి. తల్లికి వందనం పథకం కింద ఒకటో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు కేటాయించి, అందులో బడి నిర్వహణకు 2,000 మినహాయించి, 13,000 తల్లుల ఖాతాల్లో వేస్తున్నారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. రెండూ మంచివే, అభినందిస్తున్నాను. అయితే రెండూ ఇంటర్‌తో ఆగిపోతాయి. మా ప్రాంతపు పిల్లవాడికి అసలు ఖర్చు ఆ మెట్టు దాటాకే మొదలవుతుంది. ఇంటర్ దాకా ఇంట్లో తిని, పక్క ఊరికి పోయి చదువుకున్నవాడు, డిగ్రీకో పాలిటెక్నిక్‌కో వంద కిలోమీటర్ల దూరంలోని నెల్లూరుకు పోతే, గదికీ మెస్సుకూ కలిపి నెలకు 5,000 నుంచి 6,000 రూపాయలు కావాలి. 2020లో విద్యార్థుల వసతి, భోజన ఖర్చులకిచ్చే వసతి దీవెన పథకం మొదలైనప్పుడు ఏడాది మొత్తానికి ఐటీఐ విద్యార్థికి 10,000, పాలిటెక్నిక్ విద్యార్థికి 15,000, డిగ్రీ ఆ పై చదువులకు 20,000 అని లెక్క కట్టారు. ఆ లెక్క ప్రకారం డిగ్రీ విద్యార్థికి వచ్చేది నాలుగు నెలల తిండికి కూడా సరిగా చాలదు. ఐటీఐలో చేరేవాడు అందరికంటే పేదవాడు, అతనికి అందరికంటే తక్కువ! అతనికి ఆకలి తక్కువ వేస్తుందని ఎవరు తేల్చారో నాకు అర్థం కాలేదు.

బస్సుల విషయంలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఆడపిల్లలకు నిజంగానే మేలు చేసింది. పల్లె వెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్‌కు డబ్బు కట్టకుండా పోవచ్చు. కాకపోతే, బస్సు రాని ఊళ్ల వాళ్లు బస్సు ఎక్కే చోటిదాకా షేరు ఆటోకు ఇచ్చుకోవలసిందే.

ఇవన్నీ ఒక ఎత్తు, గిరిజనులైన యానాదుల పిల్లల అవస్థ ఒక ఎత్తు. రాష్ట్రంలో యానాదులు ఎక్కువగా ఉన్నది మన జిల్లాలోనే, వారి కోసం నెల్లూరులో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కూడా ఉంది. వారికి వర్తించే ఉపకార వేతనాలకు, వసతి గృహాలకు, రిజర్వేషన్లకు లోటు లేదు. కాని వీటిలో ప్రతి ఒక్కటీ కుల ధ్రువపత్రంతో మొదలవుతుంది, కుల ధ్రువపత్రానికి ఆధార్ కావాలి, ఆధార్‌కు జనన ధ్రువపత్రమో చిరునామా రుజువో కావాలి. ఈ ఏడు ఒక రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండి, వచ్చే ఏడు మరో గుంటకు మారిపోయే కుటుంబానికి చిరునామా ఎక్కడిది? ఇంట్లోనే పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం కావాలంటే ఆలస్యపు నమోదుకు అఫిడవిట్ రాయించాలి, గ్రామ సచివాలయానికి ఒకసారి, తహసీల్దారు కార్యాలయానికి రెండుసార్లు తిరగాలి, తిరిగిన ప్రతిరోజూ కూలి పోతుంది. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో బాగా చదివిన ఒక పిల్ల, ఈ కాగితం లేక ఇంటర్‌లో ఒక సంవత్సరం పోగొట్టుకోవడం స్వయంగా చూశాను. ఆమె కాగితాలకు మా అధ్యాపకులం నలుగురం కలిసి పెట్టిన ఖర్చు, ఆటోలతో సహా, 2,000 రూపాయలు దాటలేదు. ఆమె మీద ప్రభుత్వం అప్పటికి పదేళ్లు పెట్టిన ఖర్చు ఎంతో ఊహించుకోవచ్చు.

ఉద్యోగాల వైపు చూసినా ఇదే తీరు. జాబ్ మేళాలో ఎంపికైన కుర్రవాడికి నియామక పత్రం ఇచ్చి చప్పట్లు కొడతారు. గది అడ్వాన్సుకు, మంచం పరుపుకు, మొదటి జీతం వచ్చేదాకా నలభై రోజుల తిండికి డబ్బెక్కడిదని ఆ వేదిక మీద ఎవరూ అడగరు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో కేంద్రం స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా భరిస్తుంది. అది మొదటి నెల గడిచి స్టైపెండు మొదలయ్యాకే ఉపయోగపడేది. 2024లో ప్రకటించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000తో పాటు చేరగానే ఒక్కసారి 6,000 ఇచ్చే ఏర్పాటుంది. ఆ పథకంలో నాకు నచ్చినది ఆ 6,000 రూపాయలే, ఎందుకంటే దాన్ని రాసినవారెవరో ఇల్లు వదిలి పోవడం అంటే ఏమిటో తెలిసినవారు. అయితే అది పెద్ద కంపెనీలకు, 21 నుంచి 24 ఏళ్ల వయసు వారికి పరిమితం. పద్దెనిమిదేళ్లకే ఐటీఐ ముగించుకుని బయటికి వచ్చే ఫిట్టరుకు అది అందదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. జిల్లా కలెక్టరు ఆధీనంలో ఒక చిన్న నిధి ఏర్పాటు చేసి, ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాల, ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్‌కు, ఒక్కో విద్యార్థికి 5,000 రూపాయల వరకు, తన సంతకంతో వారం లోపల ఇచ్చే అధికారం కల్పించాలి. ధ్రువపత్రాలకు, పరీక్ష ఫీజుకు, గది అడ్వాన్సుకు, మొదటి నెల భోజనానికి అది వాడుకోవచ్చు. ఫీజు బకాయి పడి ధ్రువపత్రాలు ఆగిన చోట, ప్రభుత్వ బకాయి వచ్చాక తిరిగి జమ చేసుకునే షరతు మీద ఆ మొత్తాన్ని నిధి నుంచే కళాశాలకు కట్టాలి. దుర్వినియోగం అవుతుందని కొందరు అంటారు. కొంత అవుతుంది, కాదనను. ఏడాది చివర ఆడిట్ చేసి, తప్పుచేసిన ప్రిన్సిపాల్ నుంచి రాబట్టవచ్చు. వంద మందిలో ఐదుగురు అనర్హులు తీసుకుంటారన్న భయంతో, మిగతా తొంభై ఐదుగురిని ఆరు నెలలు దరఖాస్తుల చుట్టూ తిప్పడం పొదుపు అనిపించుకోదు.

డబ్బెక్కడిదంటే, కొత్తగా వెతకనక్కర లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, అందులో విద్య, వృత్తి నైపుణ్యాలు స్పష్టంగా ఉన్నాయి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట ఉంది కనుక, రేవు, విద్యుత్ కేంద్రాలు ఉన్న ముత్తుకూరు వైపు ఆ సొమ్ము పోవడం సహజం. అంత లాభాలు చూపే పరిశ్రమ మా మెట్ట మండలాల్లో నేనెరిగి ఒక్కటీ లేదు. సోమశిల జలాశయం నీళ్లు మాగాణికి పారుతుంటే మెట్ట వాళ్లం ఆకాశం వైపు చూసినట్టే ఉంది ఈ నిధుల పారకం కూడా. అయితే స్థానిక ప్రాధాన్యం సూచన మాత్రమేననీ, కచ్చితమైన నిబంధన కాదనీ కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది గనుక, కలెక్టరు పిలిచి అడిగితే అందులో ఒక వంతు ఉదయగిరి దాకా రావడానికి చట్టం అడ్డురాదు. సైదాపురం వైపు క్వార్ట్జ్ గనులున్న ఊళ్ల పిల్లలకు, 2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఉండనే ఉంది, దాని ప్రాధాన్యాల్లోనూ విద్య, నైపుణ్యం ఉన్నాయి.

ఈ జిల్లాకు దాతల కొరత కూడా లేదు. పొణకా కనకమ్మ గారు 1923లో స్థాపించిన కస్తూరిదేవి విద్యాలయానికి మహాత్ముడే శంకుస్థాపన చేశారు. కావలిలో జవహర్ భారతి వెలసింది దొడ్ల రామచంద్రారెడ్డి గారి పూనికతోనే. ఇప్పటికీ మన వాళ్లు విదేశాల నుంచి వచ్చి సొంత ఊరి బడికి గదులు కట్టిస్తున్నారు, సంతోషం. కాని గది కట్టిస్తే గోడ మీద పేరు పడుతుంది. ఎవరో ఒక అమ్మాయి అఫిడవిట్‌కు కట్టిన డబ్బుకు శిలాఫలకం వేయించేవారు లేరు. కళాశాలల పూర్వ విద్యార్థుల సంఘాలైనా రజతోత్సవాల ఖర్చులో కొంత తగ్గించి ఈ నిధికి మళ్లిస్తే బాగుంటుంది.

జూన్‌లో కళాశాలలు తెరిచేలోగా జిల్లా యంత్రాంగం రెండు పనులు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మొదటిది, ఫీజు బకాయిల వల్ల ధ్రువపత్రాలు ఆగిపోయిన విద్యార్థులు జిల్లాలో ఎంతమందో కళాశాలల వారీగా లెక్క తెప్పించి బహిరంగంగా ప్రకటించడం. రెండోది, యానాది కాలనీలలోనూ రొయ్యల గుంటల దగ్గరా తహసీల్దారు, ఆధార్ సిబ్బంది, ఐటీడీఏ సిబ్బంది ఒకే రోజు కూర్చుని, అక్కడికక్కడే కాగితాలు చేతికిచ్చే శిబిరాలు పెట్టడం. శిబిరాలు పెట్టేటప్పుడు పొద్దుగూకాక పెడితే మంచిది, పగలు పెడితే కూలికి పోయినవారు రారు.

పైన చెప్పిన విద్యార్థులను ఊరివారు గుర్తుపట్టే అవకాశం ఉంది కాబట్టి, నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
వింజమూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.