టవరు మాట మాకు వినబడుతోంది, మా మాట టవరుకి వినబడాలి

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, వంశధార ఒడ్డున ఉన్న కాశీనగర్. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, మొదట రేడియోలు, తర్వాత ఇరవై రెండేళ్లుగా ఫోన్లు రిపేరు చేస్తున్నాను. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. మీ పత్రిక మా షాపుకి రోజూ వస్తుంది కాబట్టి ఈ సంగతి మీకే రాస్తున్నాను.

కిందటి దసరాకి ముందు సంతరోజున గుమ్మ బ్లాకు వైపు కొండకింద ఊరి నుంచి ఒక పెద్దావిడ 4జీ కీప్యాడ్ ఫోను పట్టుకుని వచ్చింది. అదే ఫోను మూడోసారి. "బాబూ, నా గుంటడి మాట నాకు ఇనబడతంది గానీ, నా మాట ఆడికి ఇనబడ్నేదట" అంది. కొడుకు చెన్నైలో కూలిపనికి వెళ్లాడు. అంతకు ముందు రెండుసార్లు నేను మైకు మార్చి ఇచ్చాను, డబ్బులూ తీసుకున్నాను. ఈసారి షాపులోనే ఆ ఫోను నుంచి కాల్ చేస్తే మాట ఖంగుమని వినిపించింది. మైకులో ఏ లోపమూ లేదని అప్పటికి నాకు తెలిసింది. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేసి, మర్నాడు పొద్దున్నే బండి మీద వాళ్ల ఊరు వెళ్లాను.

షాపులో మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఆవిడ అరుగు మీంచి ఫోను చేశాను. ఫోన్లో సిగ్నల్ మూడు గీతలు ఉంది. తమ్ముడి మాట నాకు చక్కగా వస్తోంది. నా మాట వాడికి ముక్కలు ముక్కలుగా పోతోంది, కాసేపటికి అదీ లేదు. నా సొంత ఫోన్ తీసి చూస్తే కాస్త నయం, అంతే. ఊరి బయట కల్వర్టు దగ్గరికి వెళ్తే రెండు ఫోన్లూ బాగా పనిచేశాయి. అరుగుకీ టవరుకీ మధ్య కొండ అడ్డం ఉంది. కల్వర్టు దగ్గర ఆ అడ్డం లేదు.

ఫోన్లో కనబడే గీతలు టవరు పంపింది మనకి ఎంత బలంగా అందుతోందో చెబుతాయి. మనం పంపింది టవరుకి ఎంత అందుతోందో అవి చెప్పవు. 4జీ టవరు మీద ఒక్కో యాంటెన్నాకి 20 నుంచి 40 వాట్ల శక్తి మామూలు. చేతిలోని 4జీ ఫోను గట్టిగా అరిచినా 200 మిల్లీవాట్లే. వంద నుంచి రెండొందల రెట్ల తేడా. టవరు పెద్ద యాంటెన్నాలతో, సున్నితమైన రిసీవర్లతో ఆ తేడాని చాలావరకు పూడుస్తుంది, కానీ కొండ అడ్డం వచ్చిన చోట దాని చేతకాదు. అలాంటి చోట ముందు తెగేది మన మాటే. ఫోను నుంచి టవరుకి వెళ్లే ఈ దారిని ఇంజనీర్లు అప్‌లింక్ అంటారు.

మా పాత 2జీ ఫోన్లు 900 మెగాహెర్ట్జ్‌లో 2 వాట్ల దాకా పంపేవి. అదీ ఎనిమిదో వంతు సమయమే, కానీ ఆ తక్కువ ఫ్రీక్వెన్సీ కొండల వెనక్కి కాస్త వంగి వెళ్తుంది. "పాత డబ్బా ఫోనే బాగుండేది" అని కొండ ఊళ్లవాళ్లు అంటుంటే నేనూ ఒకప్పుడు పట్టించుకోలేదు. వాళ్లు అన్నది నిజమే.

ఇంకో సంగతి నా బల్ల మీదే కనబడుతుంది. టవరుకి దూరంగా ఉన్న ఫోను చాలాసార్లు తన పూర్తి శక్తితో పంపాల్సి వస్తుంది కాబట్టి వేడెక్కుతుంది, ఛార్జింగు నిలవదు. కొండ ఊళ్ల నుంచి "బ్యాటరీ పోయింది" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి బ్యాటరీ బాగానే ఉంటుంది. రోజుకూలి మీద బతికేవాళ్లు లేని రోగానికి కొత్త బ్యాటరీ కొంటున్నారు.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఆవిడ తరఫున నేనే ఫోన్ చేశాను. ఎన్ని గీతలు ఉన్నాయని అడిగారు. మూడు అన్నాను. అయితే లోపం మీ హ్యాండ్‌సెట్‌లోనే అన్నారు. రెండోసారి చేస్తే అది పక్క సర్కిల్ (టెలికం సేవల ప్రాంతం) టవరు కావచ్చు, అక్కడ చెప్పుకోండి అన్నారు. సరిహద్దు దాటితే ఆంధ్ర సర్కిల్, ఇటు ఒడిశా సర్కిల్. మధ్యలో ఉన్నవాడు ఎవరికి చెప్పుకోవాలి?

మొన్న వానల్లో ఆ చుట్టుపక్కలే ఒక ఊళ్లో రాత్రిపూట ఒక అమ్మాయికి నొప్పులొచ్చాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే అవతల "హలో, హలో" అంటున్నారు. ఇటువాళ్లు అరుస్తున్నారు. ఏమీ వినబడక వాళ్లు కాల్ కట్ చేశారు. అమ్మాయి మరిది వానలో రోడ్డు దాకా పరుగెత్తి అక్కడి నుంచి మాట్లాడాడు. తల్లీబిడ్డా క్షేమం. కానీ ఆ అరగంట ఆ ఇంట్లోవాళ్లు ఎలా గడిపారో నాకు చెబుతుంటే ఇప్పటికీ వాళ్ల గొంతు వణుకుతోంది.

కేంద్ర మంత్రివర్గం 2021 నవంబరులో ఒడిశా, ఆంధ్ర సహా 5 రాష్ట్రాల 44 ఆకాంక్షిత జిల్లాల్లో (వెనకబడినవని కేంద్రం ఎంపిక చేసినవి) 7,287 గ్రామాలకు 4జీ మంజూరు చేసింది. 2022 జులైలో దేశం మొత్తం మీద 24,680 గ్రామాలకు మరో పథకం ఒప్పుకుంది. మా గజపతి, పక్క రాయగడ ఆకాంక్షిత జిల్లాలే. టవర్లు వస్తున్నాయి, సంతోషం. అయితే ఒక ఊరికి సిగ్నల్ వచ్చిందని కాగితం మీద రాసేటప్పుడు దేన్ని కొలిచి రాస్తున్నారు? గీతలు చూసి రాస్తే ఆ పెద్దావిడ ఊరికీ సిగ్నల్ వచ్చినట్టే లెక్క.

ఫోను శక్తి పెంచమని నేను అడగను. చెవి దగ్గర పెట్టుకునే వస్తువు అది. మన దేశంలో ఒంట్లోకి ఇంకే దాని రేడియేషన్‌కి కిలో కణజాలానికి 1.6 వాట్ల హద్దు ఉంది, ఉండాలి. చేయాల్సింది టవరు దగ్గర. కొండ ఊళ్ల వైపు చూసే యాంటెన్నాలకి 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు పెట్టాలి. 2300 బ్యాండ్‌లో పంపడానికీ అందుకోవడానికీ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడతారు, వంతుల్లో ఎక్కువ భాగం టవరుకే. దాన్నే నమ్ముకుంటే మా ఊళ్లకి సరిపోదు. టవరు సిగ్నల్ పంపి అందుకునే రేడియో పెట్టె కింద గదిలో ఉండి పైకి పొడవాటి కేబుల్ వేసిన చోట, మేం పంపిన బలహీనమైన సిగ్నల్ ఆ కేబుల్లోనే సగం దాకా హరించుకుపోవచ్చు. పెట్టెని పైన యాంటెన్నా పక్కన బిగించాలి, లేదా అక్కడ సిగ్నల్ బలం పెంచే ఆంప్లిఫయర్ పెట్టాలి. వినే యాంటెన్నాలు రెండు ఉన్నచోట నాలుగు చేయాలి. ఇక పైసా ఖర్చు లేని పని ఒకటుంది. మాట ముక్కని వెంటవెంటనే నాలుగుసార్లు పంపించే టీటీఐ బండ్లింగ్ అనే ఏర్పాటు 4జీలో మొదటి నుంచీ ఉంది. అంచున ఉన్న ఊళ్ల కోసం దాన్ని ఆన్ చేశారో లేదో చూడాలి.

టవరంటే రేడియేషన్ భయంతో మా దగ్గర కొందరు వద్దంటున్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. టవరుకి మన మాట బాగా వినబడితే మన ఫోను తక్కువ శక్తితో పంపుతుంది. టవరు దూరమై, వినికిడి తగ్గేకొద్దీ చెవి పక్కన ఫోను అంత గట్టిగా అరుస్తుంది.

ఏ ఊళ్లో ఈ బాధ ఉందో కంపెనీలకి తెలియదని నేను నమ్మను. తన దగ్గర ఇంకెంత శక్తి మిగిలిందో 4జీ ఫోను ఎప్పటికప్పుడు టవరుకి చెబుతూనే ఉంటుంది. దాన్ని పవర్ హెడ్‌రూమ్ రిపోర్ట్ అంటారని విశాఖలో టెలికం ఇంజనీరుగా ఉన్న మా మేనల్లుడు చెప్పాడు. ఏ టవరు ఏ పక్క ఫోన్లు ఆఖరి బొట్టు దాకా వాడేస్తున్నాయో ఆ లెక్కల్లో ఉంటుంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నియమాల్లో అప్‌లింక్ ప్యాకెట్ల నష్టానికి, అంటే దారిలో పోయే మాట ముక్కలకి, వేరే కొలత కూడా ఉంది. దాన్ని పెద్ద ప్రాంతానికి సగటు తీస్తే మా కొండకింద ఊరు అందులో కనబడదు. టవరువారీగా, టవరుకి ఒక్కో వైపువారీగా ఆ అంకె బయటపెట్టాలని అడుగుతున్నాను.

ఇంజనీర్లు ఎవరైనా వస్తే ఆ అరుగు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. పొద్దున ఏడులోపు వస్తే మంచిది. తర్వాత ఆవిడ జీడితోటకి పనికి వెళ్లిపోతుంది.

ఇట్లు,
ఒక ఫోన్ మెకానిక్,
కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా