యువత ఎందుకు తాగుతోందో వాళ్లనే అడగండి

సంపాదకులకు నమస్కారం.

యువత తాగుడు గురించి ఎవరు రాసినా చెడు సావాసం, చేతినిండా డబ్బు అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు. అంత తేలికైన విషయం కాదండీ. 20 ఏళ్ల వయసులో చాలామంది మొదటి గ్లాసు పట్టుకునేది రుచి కోసం కాదు (మొదటిసారి ఆ చేదు నచ్చేది ఎంతమందికి?), పదిమందిలో వేరుగా కనిపించకూడదని. తోటివాళ్లు నిజంగా తాగేదానికన్నా ఎక్కువే తాగుతున్నారని ఊహించుకుని, వాళ్లకు తగ్గకూడదని ఇంకోటి పోయించుకుంటారు.

ఉద్యోగం టెన్షన్, ఒంటరితనం, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెరుకు, వీటి సంగతి ఎవరూ ఎత్తరు. మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది కాబట్టి కాసేపు ఆ బెరుకు పోయినట్టే ఉంటుంది, మత్తు దిగేసరికి అదే ఆందోళన ఇంకాస్త పెరిగి తిరిగొస్తుంది, దాన్ని తట్టుకోవడానికి మళ్లీ గ్లాసు. నిద్ర కోసం తాగేవాళ్లదీ అదే కథ, త్వరగా కునుకు పట్టినా అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చేస్తుంది. పైగా ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం దాదాపు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. మద్యం క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే తేల్చింది, ఆ సంగతి ఎంతమంది పిల్లలకు తెలుసు?

ఇవేవీ చెప్పకుండా "తాగితే చెడిపోతావ్" అని తిడితే వింటారా? అదీ సాయంత్రమైతే తానే గ్లాసు ముందేసుకునే తండ్రి చెబితే! మీ పత్రికలో ఓసారి వాళ్ల మాటలే, పేర్లు లేకుండా అయినా సరే, అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు